మా వాళ్ళందరి తరఫునా నేనే జవాబు చెప్పాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

మతం, భాష, తెగ, వైకల్యం, జెండర్, ఏదైనా కావచ్చు, పదిమందిలో మీలాంటివాళ్ళు మీరొక్కరే అయితే ఒక చిక్కు వచ్చిపడుతుంది. మీరు నోరు తెరిస్తే అది మీ మాటగా కాక మీ వాళ్ళందరి మాటగా వినిపిస్తుంది. దీని గురించి నన్ను అడిగేవాళ్ళు మారుతున్నారు గానీ ప్రశ్నలు మారడం లేదు, అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. నేనూ ఏళ్ళ తరబడి అలాంటి 'ఒక్కదాన్నే' కాబట్టి కొన్ని జవాబులు అనుభవంలోంచి వచ్చినవి, కొన్ని ఈ విషయం మీద జరిగిన పరిశోధనల్లోంచి తీసుకున్నవి. వరుసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్ళిపోండి.

## ఇదేమిటో ఇప్పుడిప్పుడే అర్థమవుతున్నప్పుడు

నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అయినా ఎందుకింత టెన్షన్?

ఎవరో ఏదో అనాల్సిన పనిలేదు, గుంపులో మీరు ఎంతమంది ఉన్నారన్నదే సగం టెన్షన్‌కి కారణం. రోసబెత్ మాస్ కాంటర్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలోని ఒక పెద్ద కంపెనీలో, దాదాపు అందరూ మగవాళ్ళే ఉన్న విభాగాల్లో ఒకరిద్దరుగా పనిచేసే ఆడవాళ్ళని దగ్గరగా గమనించి 1977లో ఒక విషయం రాశారు. ఒక గుంపులో ఏదైనా వర్గం సుమారు 15 శాతం లోపు ఉంటే ఆ కొద్దిమందీ మామూలు మనుషులుగా కాకుండా తమ వర్గానికి గుర్తులుగా కనబడతారట. వాళ్ళు చేసే ప్రతి పనీ అందరి కంటా పడుతుంది, చివరికి పని ఎలా చేశారన్నది వెనక్కిపోయి 'వీళ్ళు ఇలా ఉంటారన్నమాట' అన్నది మిగులుతుంది.

మిగతావాళ్ళు మీటింగుకి ఆలస్యంగా వస్తే ట్రాఫిక్ కారణం, మీరు వస్తే మీ వాళ్ళ అలవాటు కారణం. ఈ తేడా ఎవరూ చెప్పకపోయినా మీకు తెలిసిపోతుంది. అందుకే పావుగంట ముందే వెళ్ళి కూర్చుంటారు, రెండు లైన్ల మెయిల్‌ని పంపే ముందు పదిసార్లు చదువుకుంటారు, గొంతు పెరిగిందేమో అని మాట మధ్యలో ఆగి సర్దుకుంటారు. ఇదంతా పనే, జీతం లేని అదనపు పని, టెన్షన్ రాక ఏమవుతుంది.

అందరూ నన్నే చూస్తున్నట్టుంటుంది. ఇది నా ఊహేనా?

కొన్నిసార్లు ఊహే, కొన్నిసార్లు నిజంగానే చూస్తారు. 2008లో జెనిఫర్ క్రాస్బీ, ఆమె సహ పరిశోధకులు చేసిన ప్రయోగం ఒకటుంది. నలుగురు మగవాళ్ళు మాట్లాడుకుంటున్న వీడియో చూపించారు, ఆ నలుగురిలో ఒకరు నల్లజాతీయుడు. నల్లజాతీయులని నొప్పించే మాట ఒకటి వచ్చినప్పుడు చూసేవాళ్ళ కళ్ళు ఎటు వెళ్తున్నాయో యంత్రంతో కొలిచారు. ఆ మాట అతనికి వినిపిస్తోందని అనుకున్నప్పుడు చూపులు అతని మీదికే వెళ్ళాయి. వినిపించడం లేదని చెప్పినప్పుడు అలా వెళ్ళలేదు.

అంటే వాళ్ళు చూసేది 'ఇతను ఏమంటాడు, ఇది నిజంగా తప్పు మాటేనా' అని మీ మొహంలో వెతుక్కోవడానికి. అందులో ద్వేషం ఉండకపోవచ్చు. అలాగని ఆ చూపుల బరువు తక్కువేమీ కాదు, తప్పొప్పులు తేల్చే పని అడక్కుండానే మీ నెత్తిన పెడుతున్నారు కాబట్టి.

మీటింగ్ అయ్యాక ఎవరేమన్నారో సరిగ్గా గుర్తుండదు. నాలోనే లోపమా?

లేదు. 1985లో చార్ల్స్ లార్డ్, డెలియా సయెంజ్ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. గుంపులో మిగతావాళ్ళంతా తమకి భిన్నమైనవాళ్ళు, తామొక్కరే వేరు అనుకున్న విద్యార్థులకి, తమలాంటివాళ్ళ మధ్యే ఉన్నామనుకున్నవాళ్ళ కంటే ఆ సంభాషణలో తక్కువ విషయాలు గుర్తున్నాయి. విచిత్రం ఏమిటంటే పక్కనుంచి చూసినవాళ్ళకి మాత్రం ఆ ఒక్కరూ ఏం మాట్లాడారో బాగా గుర్తుంది. మీ బుర్రలో కొంత భాగం 'నేనెలా కనబడుతున్నాను' అనే కాపలాకి పోతోంది, వినడానికి మిగిలింది తక్కువ. కాగితం మీద నోట్స్ రాసుకోండి, చాలా తేడా ఉంటుంది, పైగా చూపు కాగితం మీద పెట్టుకోవడానికి ఒక సాకు కూడా దొరుకుతుంది.

నేను తప్పు చేస్తే మా వాళ్ళందరికీ చెడ్డపేరు వస్తుందని భయం. నిజంగా వస్తుందా?

కొంత వస్తుంది, అబద్ధం చెప్పను. అయితే ఈ భయం వెనక ఇంకో నమ్మకం దాక్కుని ఉంటుంది: 'ఎవరూ ఏ వంకా పెట్టలేనంత బాగా నేను ఉంటే మా వాళ్ళందరికీ మంచిపేరు వస్తుంది' అని. మనల్ని ఎక్కువగా మోసం చేసేది ఇదే. పక్షపాతం గురించి 1954లోనే గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాశారు, తమ అభిప్రాయానికి సరిపోని మనిషి ఎదురైతే జనం ఆ మనిషిని మినహాయింపుగా పక్కన పెట్టి పాత అభిప్రాయం చుట్టూ మళ్ళీ కంచె కట్టేసుకుంటారని. కాబట్టి చెడు జరిగితే అందరి ఖాతాలోకి, మంచి జరిగితే మీ ఒక్కరి ఖాతాలోకి. ఆట నియమాలే ఇలా ఉన్నప్పుడు, మీరు పరిపూర్ణంగా ఉండి గెలిపించగలిగిందేమీ లేదు. మామూలు మనిషిగా ఉంటే మీ వర్గానికి పోయేది మీరు అనుకునేంత లేదు, మీకు మిగిలేది మాత్రం చాలా ఉంది.

"నువ్వు మిగతా మీ వాళ్ళలా కాదు" అని మెచ్చుకుంటారు. నాకెందుకు మనసు చివుక్కుమంటుంది?

అందులో మీ అమ్మానాన్నల మీద, అన్నదమ్ముల మీద ఒక మాట ఉంది కాబట్టి. అన్నవాళ్ళకి అది తెలియదు, నిజంగా మెచ్చుకున్నామనే అనుకుంటారు. నేను ఎక్కువగా "నాలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు, మీకు ఇంకా తగల్లేదు అంతే" అంటాను, మామూలు గొంతుతో, మాట సాగదీయకుండా. అనాలని లేకపోతే ఊరుకోవచ్చు కూడా.

## నలుగురిలో ఉన్నప్పుడు

"దీని గురించి మీ వాళ్ళు ఏమనుకుంటున్నారు?" అని అడిగితే ఏం చెప్పాలి?

మీ మాట మీరు చెప్పండి, అందరి మాట చెప్పకండి. వాక్యం ఎలా మొదలుపెడతారన్నదే ఇక్కడ కీలకం. "మేము ఇలా అనుకుంటాం" అన్నారంటే వెంటనే ప్రతినిధి కుర్చీలో కూర్చున్నట్టే. "నేనైతే ఇలా అనుకుంటాను, మా ఇంట్లోనే దీని మీద రెండు అభిప్రాయాలున్నాయి" అంటే అడిగినవాళ్ళకి జవాబూ దొరుకుతుంది, మీ వాళ్ళలోనూ రకరకాల మనుషులుంటారన్న సంగతీ తెలుస్తుంది.

చెప్పాలని లేనప్పుడు "ఆ సంగతి నాకంత తెలీదండీ" చాలు. నిజంగా తెలియకపోవచ్చు కూడా, పుట్టినంత మాత్రాన చరిత్ర, ధర్మశాస్త్రం, రాజకీయాలు అన్నీ కంఠతా వచ్చేయవు కదా. పెద్దవాళ్ళు లేదా పై అధికారి అడిగితే "దీని గురించి నాకంటే బాగా రాసినవాళ్ళున్నారు సార్, కావాలంటే చూసి పంపిస్తాను" అనొచ్చు. పంపించడం మాత్రం మర్చిపోవద్దు, లేకపోతే మళ్ళీ అడుగుతారు!

వాళ్ళు మంచి మనసుతోనే అడిగారు. నేను చెప్పకపోతే అపార్థాలు ఎలా పోతాయి?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళంటే నాకు ఎక్కువ అభిమానం, ఎందుకంటే బాధ్యత ఎక్కువై అలసిపోయేది వీళ్ళే. థామస్ పెటిగ్రూ, లిండా ట్రాప్ అనే ఇద్దరు పరిశోధకులు వేరువేరు వర్గాల మనుషులు కలిసినప్పుడు ఏమవుతుందో చూసిన 500కి పైగా అధ్యయనాలని ఒకచోట చేర్చి 2006లో ఫలితాలు ప్రచురించారు. కలవడం వల్ల మొత్తం మీద పక్షపాతం తగ్గుతుంది అన్నది మొదటి విషయం. రెండేళ్ళ తర్వాత, ఎందుకు తగ్గుతుందో కూడా లెక్క తీశారు. అవతలివాళ్ళ గురించి సమాచారం తెలియడం వల్ల వచ్చే మార్పు తక్కువే, వాళ్ళ పక్కన కూర్చోవడానికి ఉండే బెరుకు పోవడం, వాళ్ళ వైపునుంచి ఆలోచించగలగడం, ఈ రెండిటి పాలే ఎక్కువ.

దీన్ని మన భాషలో చెప్పాలంటే, మీరు అరగంట కూర్చుని మీ సంప్రదాయం గురించి విడమర్చి చెప్పడం కంటే, ఆ మనిషితో కలిసి ఒక పని చేయడం, క్రికెట్ స్కోరు గురించి వాదించుకోవడం, పిల్లల చదువుల గురించి గొణుక్కోవడం ఎక్కువ పనిచేస్తాయి. ఉపన్యాసం మీ డ్యూటీ ఏమీ కాదు. ఇష్టమైతే చెప్పండి, ఓపిక ఉన్న రోజు చెప్పండి, మీకు దగ్గరైనవాళ్ళకి చెప్పండి. పరిచయమైన పది నిమిషాలకే మీ మతం మీద పది ప్రశ్నలు వేసేవాళ్ళకి చెప్పకపోయినా ప్రపంచంలో అపార్థాలు పెరిగిపోవు.

మా వాళ్ళ మీద జోకు వేసి అందరూ నా మొహం చూస్తారు. నవ్వాలా, గొడవ పెట్టుకోవాలా?

మూడో దారి ఉంది, అర్థం కానట్టు అడగడం. "ఏంటీ, మళ్ళీ చెప్పండి?" అని మామూలుగా అడగండి. జోకుని విడమర్చి చెప్పాల్సి వచ్చేసరికి వేసినవాళ్ళే నీళ్ళు నములుతారు. అది కూడా చేసే ఓపిక లేకపోతే నవ్వకుండా కూర్చోండి చాలు, మొహమాటానికి నవ్విన నవ్వుకి రాత్రి నిద్ర పట్టదు.

జోకు వేసింది మీ జీతం, మార్కులు, అద్దె ఇల్లు చేతిలో ఉన్న మనిషి అయితే లెక్క వేరు. అప్పుడు ఊరుకోవడం పిరికితనం అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. తేదీ, మాట, అక్కడ ఎవరున్నారు, ఇవి రాసి పెట్టుకోండి. అదే మనిషి మళ్ళీ మళ్ళీ చేస్తే ఫిర్యాదుకి పనికొస్తాయి.

మా వర్గంవాడు ఎవడో ఘోరం చేశాడు. నేను ఖండించాలా?

అదెలా ఉంటుందో నాకు బాగా తెలుసు. పొద్దున్నే లేచి ఫోన్ చూస్తే వార్త, ఆ పేరు చూడగానే మొదట వచ్చే ఆలోచన చనిపోయినవాళ్ళ గురించి కాకుండా 'అయ్యో, మావాడు కాకపోతే బాగుండు' అని. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గు. తర్వాత వాట్సాప్ గ్రూపు. ఎవరో ఆ లింకు పెడతారు, దాని కింద ఎవరూ ఏమీ రాయరు, మీరు ఆన్‌లైన్‌లో ఉన్నట్టు అందరికీ కనిపిస్తూ ఉంటుంది. ఏదో ఒకటి టైప్ చేస్తారు, చెరిపేస్తారు, మళ్ళీ టైప్ చేస్తారు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. బాధ కలిగితే మనిషిగా బాధపడండి, రాయాలనిపిస్తే మీ బాధ రాయండి. కానీ నిర్దోషినని రుజువు చేసుకోవడానికి మాత్రం రాయకండి. మెజారిటీ వర్గంవాడు నేరం చేసినప్పుడు ఆ గ్రూపులో ఎవరినీ ఖండన అడగలేదు కదా. ఎవరైనా నేరుగా "నువ్వేం మాట్లాడవేం?" అంటే "మీకెంత బాధగా ఉందో నాకూ అంతే ఉంది, అతనితో నాకున్న సంబంధం మీకున్నంతే" అనండి. ఆ రోజంతా నోటిఫికేషన్లు ఆపేసుకోవచ్చు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. భద్రత గురించి నిజంగా భయం ఉంటే అది వేరే సంగతి, ఒంటరిగా బయటికి వెళ్ళకండి, నమ్మకమైన ఒకరిద్దరికి ఎక్కడున్నారో చెప్తూ ఉండండి.

## ఆఫీసులో, కాలేజీలో

డైవర్సిటీ కమిటీ, బ్రోచర్ ఫొటో, అతిథులకి స్వాగతం, అన్నిటికీ నన్నే పిలుస్తారు. కాదనొచ్చా?

అనొచ్చు. దీన్ని 1994లో అమాడో పడీయా అనే ప్రొఫెసర్ ఒక రకమైన పన్నుగానే లెక్కగట్టారు. విశ్వవిద్యాలయాల్లో మైనారిటీ అధ్యాపకులని తమ వర్గానికి సంబంధించిన ప్రతి కమిటీలోనూ వేస్తారు, ప్రతి వివాదంలోనూ సలహా అడుగుతారు, ఆ విషయంలో వాళ్ళకి నైపుణ్యం ఉన్నా లేకపోయినా. తీరా ప్రమోషన్ వేళకి అదంతా ఎక్కడా లెక్కలోకి రాదు.

కాబట్టి ఒప్పుకునే ముందు అడగాల్సినవి అడగండి. దీనికి ఎంత సమయం పడుతుంది, ఆ మేరకు నా మిగతా పని తగ్గిస్తారా, అప్రైజల్‌లో రాస్తారా, కమిటీ చెప్పింది ఎవరైనా అమలు చేస్తారా. జవాబులు చెప్పకుండా నాన్చుతుంటే మీకు అర్థమైపోతుంది. అప్పుడు "ఈ మూడు నెలలు ప్రాజెక్ట్ ఒత్తిడి ఉంది, కుదరదు" అని రాసేయండి. మీకు నిజంగా ఇష్టమైన ఒక్క పని మాత్రం ఎంచుకుని దాన్ని గట్టిగా చేయండి, జూనియర్లకి ఇంటర్వ్యూ ప్రాక్టీస్ ఇవ్వడమో, సెలవుల పాలసీ మార్పించడమో. ఫొటోకి నిలబడడం కంటే వాటి వల్ల జరిగే మేలు ఎక్కువ.

మా వర్గం నుంచి ఇంకో అమ్మాయి కొత్తగా చేరింది. ఆమె బాధ్యత కూడా నాదేనా?

కాదు, కానీ మొదటివారం ఒకసారి పలకరిస్తే ఆమెకి కొండంత ధైర్యం. ఎవరితో జాగ్రత్తగా ఉండాలో, ఏ రూల్ నిజంగా పాటిస్తారో చెప్పండి. ఇక మీ ఇద్దరినీ పోల్చే మాటలు మొదలవుతాయి, "మీకంటే ఆమె కలుపుగోలు" అని ఎవరో ఒకరు అంటారు. ఆ పోటీలోకి దిగకండి.

## మన వాళ్ళ నుంచే ఒత్తిడి వచ్చినప్పుడు

"మన పరువు నీ చేతిలో ఉంది" అని ఇంట్లో పెద్దవాళ్ళు పదే పదే అంటారు. ఎలా?

వాళ్ళు ఎదుర్కొన్న రోజులు వేరు, చాలామందికి ఆ జాగ్రత్తే ప్రాణాలు కాపాడి ఉంటుంది, దాన్నే మీకు ఇస్తున్నారు. కాబట్టి వాదన వల్ల లాభం లేదు. నేను చూసినంతలో పెద్దవాళ్ళు మెత్తబడేది, దీనివల్ల మీకు ఏం జరుగుతోందో చెప్పినప్పుడు. "నాన్నా, మీరలా అన్నప్పుడల్లా నాకు అక్కడ నోరు తెరవాలంటే భయమేస్తోంది" అని ఒక్కసారి చెప్పి చూడండి. ఎదురు తిరిగినట్టుండదు, మీ కష్టం చెప్పుకున్నట్టుంటుంది.

మా వాళ్ళలో ఒక అన్యాయం జరుగుతోంది. బయట మాట్లాడితే ద్రోహం అంటున్నారు. నోరు మూసుకోవాలా?

ఈ పేజీలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసిన ప్రశ్న ఇది. రెండు వైపులా నిజం ఉంది. మీరు చెప్పిన మాటని మీ వాళ్ళ మీద ద్వేషం ఉన్నవాళ్ళు ఎత్తుకుపోయి వాడుకుంటారు, అది జరుగుతుంది. అలాగని అందరూ నోరు మూసుకుంటే ఆ అన్యాయం భరించేవాళ్ళు లోపలే నలిగిపోతారు, వాళ్ళూ మీ వాళ్ళే, పైగా సాధారణంగా వాళ్ళు అందరికంటే బలహీనులు. వర్గం పరువు పేరుతో వాళ్ళ నోరు నొక్కడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

తిట్లు ఎందుకంత ఘాటుగా ఉంటాయో తెలిస్తే కొంచెం తట్టుకోవచ్చు. 1988లో జోసే మార్కెస్, మరో ఇద్దరు పరిశోధకులు చూపించినట్టు, ఒకే తప్పు చేసిన బయటివాళ్ళ కంటే తమవాళ్ళ మీదే జనం ఎక్కువ కఠినంగా ఉంటారు. ఆ మనిషి వల్ల గుంపు మొత్తానికి మచ్చ వస్తుందన్న భయం దాని వెనక ఉంటుంది.

ఆచరణలో అయితే ముందు బాధితులు ఏం కోరుకుంటున్నారో కనుక్కోండి, వాళ్ళ అనుమతి లేకుండా వాళ్ళ కథ చెప్పకండి. లోపల చెప్పడానికి వేదిక ఉంటే అక్కడ మొదలుపెట్టండి, అక్కడ తలుపులు మూసేస్తే బయట చెప్పడానికి వెనకాడకండి. చెప్పేటప్పుడు 'మా వాళ్ళు ఇంతే' అనే మాట రానివ్వకుండా ఎవరు, ఎక్కడ, ఏం చేశారు అన్నది చెప్పండి. నేరం జరుగుతుంటే మాత్రం ఈ వరుస ఏదీ పాటించనక్కర్లేదు, బాధితులకి రక్షణ ముందు.

నాకు మా భాష సరిగా రాదు, సంప్రదాయాలూ తెలియవు. "నువ్వసలు మన పిల్లవేనా" అంటున్నారు.

బయట మీరు మరీ ఎక్కువ 'వాళ్ళ మనిషి', లోపల సరిపోని మనిషి. రెండు చోట్లా పరీక్ష పెట్టేవాళ్ళే. నేర్చుకోవాలని ఉంటే మీ కోసం నేర్చుకోండి, బామ్మతో ఫోన్లో మాట్లాడాలనో, పాత ఉత్తరాలు చదవాలనో. పరీక్ష పాసవడానికైతే వద్దు, అందులో ఎప్పటికీ పాస్ చేయరు.

## అలసట మీద పడినప్పుడు

బయట బాగానే ఉంటాను, ఇంటికొచ్చాక ఒళ్ళు హూనమైపోతుంది. ఏం చేయాలి?

అందరికీ ఉండే ఒత్తిడి పైన మైనారిటీలకి ఇంకో పొర ఉంటుందని, ఎప్పుడు ఎవరు ఏమంటారో అని ముందే కాచుకుని ఉండడం కూడా ఆ పొరలో భాగమేనని ఇలాన్ మేయర్ 2003లో వివరించారు. ఆయన స్వలింగ, ద్విలింగ ఆకర్షణ ఉన్నవాళ్ళ గురించి రాశారు గానీ ఆ కాపలా సంగతి తక్కిన మైనారిటీల్లో చాలామందికి తెలిసిందే. ఏమీ జరగని రోజు కూడా అలసిపోవడం అందుకే.

దీనికి మందు, ఎవరికీ ఏమీ వివరించాల్సిన అవసరం లేని చోట వారానికి కాసేపైనా గడపడం. అది మీ వర్గంవాళ్ళతోనే కానక్కర్లేదు, మిమ్మల్ని చిన్నప్పట్నుంచీ ఎరిగిన స్నేహితురాలైనా చాలు. ఇంటికి రాగానే ఆ రోజు జరిగింది మనసులో మళ్ళీ మళ్ళీ తిప్పుకునే అలవాటుంటే ఒక కాగితం మీద రాసి పక్కన పడేయండి. నిద్ర, ఆకలి వారాల తరబడి చెడితే, బయటికి వెళ్ళాలంటేనే గుండె దడ వస్తుంటే కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళండి. మొదటి కలయికలోనే "మా వర్గం గురించి మీకు నేను పాఠం చెప్పాల్సి వస్తుందా?" అని అడిగేయండి. అవునని తేలితే మనిషిని మార్చుకోండి.

నేను ఎవరో చెప్పకుండా దాచేస్తే సరిపోతుందిగా?

కొన్ని చోట్ల అదే మంచిది, ప్రాణభయం, ఉద్యోగభయం ఉన్నచోట ఎవరూ తప్పుపట్టరు. కానీ దాచడానికీ కాపలా కావాలి, పేరు, ఇల్లు, పండగలు, ఫోన్లో మాట్లాడే భాష, ప్రతిదీ చూసుకుంటూ ఉండాలి. ఒకరిద్దరికైనా తెలిసి ఉంటే ఆ భారం బాగా తగ్గుతుంది.

## పక్కన ఉండే స్నేహితులకి

నేను మెజారిటీ వైపు మనిషిని. నా స్నేహితుడికి ఇలా జరుగుతుంటే నేనేం చేయాలి?

ముందుగా, అతని వైపు చూడకండి. ఎవరైనా అనకూడని మాట అన్నప్పుడు మీ చూపు అన్నవాళ్ళ మీదే ఉండాలి. రెండోది, మీరు మాట్లాడండి. 1950లలో సాలమన్ ఆష్ చేసిన ప్రయోగాల్లో, గుంపంతా కళ్ళెదుట ఉన్న గీత పొడవు తప్పుగా చెప్తుంటే మధ్యలో ఉన్న ఒంటరి మనిషి సుమారు మూడో వంతు సార్లు వాళ్ళతో పాటే తప్పు చెప్పాడు. నిజం చెప్పే మనిషి ఒక్కడు తోడైతే ఆ తప్పులు అంతకుముందు ఉన్నవాటిలో నాలుగో వంతుకి పడిపోయాయి. "ఆ మాట బాలేదు" అని మీరంటే చాలు, పెద్ద ప్రసంగం అక్కర్లేదు, పైగా మీరంటే 'అతిగా తీసుకుంటున్నావు' అనే మాట మీకు అంత తొందరగా తగలదు.

తర్వాత అతన్ని పక్కకి పిలిచి "ఎలా అనిపించింది" అని గుచ్చి గుచ్చి అడగొద్దు, అదీ మళ్ళీ వివరణ అడగడమే అవుతుంది. "టీ తాగుదాం రా" అనండి. అతను చెప్తే వినండి, చెప్పకపోతే ఇంకేదైనా మాట్లాడుకోండి.